బాపు గారిని మన పిల్లలకు ఎక్కడినుంచి మొదలుపెట్టి చూపించాలి?

బరంపురం డ్రాయింగు మాస్టారు (శనివారం, రాత్రి 8:12)

సభ్యులందరికీ నమస్కారం. డిసెంబరు 15 బాపు గారి పుట్టినరోజు. ఆ రోజుకు ముందూ వెనకా కలుపుకొని మూడు సాయంత్రాలు మా వీధి మండపంలో తెర కట్టి, ఆయన చేసిన పని మన పిల్లలకు చూపించాలని నలుగురం అనుకున్నాము. అనుకోవడం తేలికగానే జరిగింది కానీ, ఏది ముందు చూపించాలన్న దగ్గర నలుగురం నాలుగు దిక్కులయ్యాము. అందుకే ఈ వేదికలో అడుగుతున్నాను.

మా పిల్లల సంగతి మీకు తెలియనిది కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు, సెల్‌ఫోనులో హిందీ చూస్తారు. తెలుగు మాట వింటే చక్కగా అర్థమవుతుంది కానీ, తెలుగు అక్షరం కనబడితే మాత్రం బిక్కమొహం వేస్తారు. అలాంటి పిల్లల ముందు బాపు గారిని చిత్రకారుడిగా నిలబెట్టాలా, సినిమా దర్శకుడిగానా, ఈటీవీలో భాగవతం తీసిన పెద్దమనిషిగానా అన్నది ప్రశ్న.

నా మటుకు నాకు బొమ్మతోనే మొదలుపెట్టాలని ఉంది. బొమ్మలు నేర్పేవాడిని కాబట్టి ఇలా అంటున్నానని మీరు నవ్వుకోవచ్చు. అయినా ఒక్కసారి ఆలోచించండి. 1967లో ఆయన మొదటి సినిమా సాక్షి వచ్చేనాటికే తెలుగు చదివే ప్రతి ఇంట్లోనూ ఆయన గీత తెలుసు. సినిమాలోకి వచ్చిన తరువాత కూడా షూటింగుకు ముందే ప్రతి దృశ్యాన్నీ కాగితంమీద బొమ్మగా వేసుకొని, ఎవరు ఎక్కడ నిలబడాలో, కెమెరా ఎంత దూరంలో ఉండాలో అందులోనే తేల్చుకొనేవారు. అంటే నటులు రంగు పూసుకొనే సరికి సగం సినిమా కాగితంమీద తయారై ఉండేదన్నమాట. కుంచెను వదిలిపెట్టి మనం ఆయన సినిమాను చూపిస్తే, వేరు చూపించకుండా చెట్టును చూపించినట్టే అవుతుంది.

మా చిన్నాన్న మా ఊరి అమ్మవారి జాతర అయిన ఠాకురాణి యాత్రకు వీధుల్లో నిలబెట్టే రథాలకు పురాణ దృశ్యాల బొమ్మలు కట్టేవాడు. ఆయన పెట్టెలో రంగు డబ్బాల కింద, ఏదో తెలుగు వారపత్రిక నుంచి కత్తిరించిన బాపు గారి రాముడి బొమ్మ ఒకటి నాలుగు మడతలు పెట్టి ఉండేది. మడతల దగ్గర కాగితం చిరిగిపోతే వెనకనుంచి గోధుమపిండి జిగురుతో గుడ్డముక్క అంటించాడు. ఆ రథం చూడటానికి వచ్చిన ఒడియావాళ్ళకు ఆ రాముడు ఎవరి గీతలోనుంచి వచ్చాడో తెలియదు. చేతులు మాత్రం జోడించేవారు.

---

పర్లాకిమిడి పెద్దాయన (ఆదివారం, ఉదయం 6:40)

మాస్టారూ, మంచి పని తలపెట్టారు. మీ ప్రశ్నకు సూటిగా సమాధానం చెప్పేముందు నాకు తెలిసినది కొంచెం చెప్పనివ్వండి, ఈ వయసులో నేను క్లుప్తంగా మాట్లాడలేనని ఈ వేదికలో అందరికీ తెలిసినదే.

బాపు గారి అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933లో పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో పుట్టారు. ఆ సంవత్సరాన్ని మనవాళ్ళు కొంచెం పట్టించుకోవాలి. అప్పటికి నరసాపురమూ, మీ బరంపురమూ, మా పర్లాకిమిడీ, మద్రాసు పట్నమూ అన్నీ ఒక్క మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి, గంజాం అటు వెళ్ళేనాటికి బాపు గారు రెండేళ్ళ పసివాడు. ఆయనను మద్రాసు పెంచింది. అక్కడే చదువుకున్నారు, అక్కడే ముళ్ళపూడి వెంకటరమణ గారితో బడి స్నేహం కుదిరింది, అక్కడే 1955లో న్యాయశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నారు. ఆ పట్టాను అటకమీద పెట్టి ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేశారు, వాణిజ్య ప్రకటనల సంస్థల్లో పనిచేశారు, వేల పుస్తకాలకు ముఖచిత్రాలు వేశారు. 2014 ఆగస్టు 31న కన్నుమూసింది కూడా చెన్నైలోనే. 2013లో పద్మశ్రీ వస్తే అది కూడా తమిళనాడు జాబితాలోనే వచ్చింది. అచ్చ తెలుగు బొమ్మ అని మనం ఏదాన్ని అంటున్నామో, ఆ బొమ్మను గీసిన మనిషి జీవితమంతా పొరుగు రాష్ట్రంలోనే గడిపాడు. ఎల్లకు ఇవతల ఉన్న మనకు ఈ సంగతి బొమ్మలకంటే, సినిమాలకంటే ముందు చెప్పవలసినదని నా అభిప్రాయం.

ఇక పత్రిక సంగతి. నాకు పదేళ్ళప్పుడు, అంటే 1950ల చివర, నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే చిన్న రైలు మా ఊరికి తెలుగు పత్రికలు మోసుకొచ్చేది. బండి ఆలస్యమైతే స్టేషను బయట వేపచెట్టు కింద మా నాన్నగారు, మరో ఇద్దరు గుమాస్తాలు నిలబడి ఎదురు చూసేవారు. ముగ్గురికీ కలిపి ఒకటే ప్రతి. అందులో ముళ్ళపూడి వారి బుడుగు బాపు గారి బొమ్మలతో వచ్చేది. నాన్నగారు అరుగుమీద కూర్చుని పైకి చదివితే చుట్టుపక్కల నాలుగిళ్ళవాళ్ళు వినేవారు. చదవడం అయిన తరువాత పత్రిక నా చేతికి వచ్చేది. నేను చదివేవాడిని కాదు. బొమ్మలో ఉన్న పిల్లవాడి లాగూ ఎందుకు జారుతున్నట్టు ఉందో, వాడి జుట్టు రెండే గీతల్లో ఎలా లేచి నిలబడిందో అని దానివంకే చూసేవాడిని. వాడుక భాషకోసం గిడుగు రామమూర్తి పంతులు గారు పోరాడిన ఊరు మాది. ఆయన ఒడిశాలో కలిసిన పర్లాకిమిడిలో ఉండలేక 1936లో రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. పంతులు గారు కోరుకున్న పలుకుబడి ఒక చిన్నపిల్లవాడి నోట అంత గారాబంగా అచ్చులో వస్తే, వినడానికి వారు మాత్రం మా ఊళ్ళో లేరు.

---

పెళ్ళి కెమెరా, ఛత్రపురం (ఆదివారం, మధ్యాహ్నం 1:05)

పెద్దాయన గారికి, మాస్టారికి నమస్కారాలు. నేను పెళ్ళిళ్ళకు వీడియో తీసేవాడిని. మా వ్యాపారంలో బాపు గారికి మేము ఎంత బాకీపడ్డామో చెప్పాలంటే ఒక్క పాట చాలు. 1991లో వచ్చిన పెళ్ళి పుస్తకంలో ఆరుద్ర గారు రాయగా కె.వి. మహదేవన్ గారు స్వరపరచిన శ్రీరస్తు శుభమస్తు అన్న పాటను నేను ఇరవై ఏళ్ళుగా మంగళసూత్రం కట్టే చోట అతికిస్తున్నాను. బరంపురంలో తెలుగువారి పెళ్ళి వీడియోలో ఆ పాట లేకపోతే, ఆడపెళ్ళివారు డిస్కు తిరిగి పంపించి మళ్ళీ చేయించుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి.

నేను మాత్రం ముత్యాల ముగ్గుతో మొదలుపెట్టమంటాను. 1975 నాటి సినిమా. అందులో సంగీత గారు ముఖ్య పాత్ర వేశారు. రావు గోపాలరావు గారి కాంట్రాక్టరు పాత్ర మాటలు గ్రామఫోను రికార్డులుగా విడిగా అమ్ముడుపోయాయి. పాటల రికార్డులు అమ్ముడుపోవడం మామూలు, మాటల రికార్డు కొనుక్కొని ఇంట్లో వినడం మామూలు కాదు. ఆ సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది, కెమెరామన్ ఇషాన్ ఆర్య గారికి ఉత్తమ ఛాయాగ్రాహకుడిగా మరో జాతీయ పురస్కారం వచ్చింది. అంతకు ముందు గరమ్ హవా అనే హిందీ సినిమాకు ఆయనే కెమెరా పట్టారు.

నేను ఆ సినిమాను ధ్వని తీసివేసి నాలుగుసార్లు చూశాను. సలహా అనుకోకండి, వృత్తిలో ఉన్నవాడి పిచ్చి అనుకోండి. ధ్వని లేకుండా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. సాధారణంగా మనం ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఇద్దరినీ తెరలో చెరిసగం పెడతాము. బాపు గారు మనిషిని ఒక మూలకు నెట్టి మిగతా తెరను గోడకో, ఆకాశానికో, గుమ్మానికో వదిలేస్తారు. బొమ్మ వేసేవాడు కాగితంలో తెల్లదనాన్ని వదిలినట్టు ఉంటుంది అది. ఉదయపు వెలుగు గదిలోకి పక్కనుంచి పడుతుంటే మొహంలో సగం నీడలోనే ఉంచేస్తారు. అదే పని నేను ఒక పెళ్ళిలో చేస్తే, పెళ్ళికూతురి మేనమామ నా మీదికి వచ్చి, "మా పిల్ల మొహం సగమే కనబడుతోంది, డబ్బులు కూడా సగమే ఇస్తాను" అన్నాడు.

కాబట్టి మాస్టారూ, మీరు చెప్పిన బొమ్మ, నేను చెబుతున్న సినిమా రెండూ ఒకటేనని నాకు అనిపిస్తున్నది. బొమ్మతో మొదలుపెడితే పిల్లలు కదలకుండా ఎంతసేపు చూస్తారు? సినిమాతో మొదలుపెట్టి మధ్యలో ఆపి, ఆగిన చోట బొమ్మను చూపించండి.

---

రాయగడ రైలుబండి (ఆదివారం, రాత్రి 9:30)

అందరూ పూలదండలు వేస్తున్నారు కాబట్టి నేను ఒక్క ముల్లు గుచ్చుతాను, కోప్పడకండి.

ఆయన తీసినవి దాదాపు యాభై సినిమాలు. అందులో ఎన్ని మనం ఇప్పుడు పేరుపెట్టి చెబుతున్నాము? పది, పన్నెండు. సాక్షి తరువాత వచ్చిన బంగారు పిచ్చిక ఆడలేదు. సీతాకల్యాణం గురించి లండన్ చలనచిత్రోత్సవం దాకా వెళ్ళిందని గొప్పగా చెప్పుకుంటాము, ఇక్కడి హాళ్ళలో జనం దానికి ఎగబడిపోలేదన్నది కూడా చెప్పాలి కదా. హిందీలో తీసినవాటిలో చాలా వరకు ఇతర భాషల కథలను మళ్ళీ తీసినవే. 1980లో వచ్చిన హమ్ పాంచ్, మన ఊరి పాండవులు కథే; మన ఊరి పాండవులు కన్నడంలో పుట్టణ్ణ కణగాల్ గారు తీసిన సినిమాకు తెలుగు రూపం. 1983 నాటి వో సాత్ దిన్ తమిళంలో భాగ్యరాజ్ గారిది.

ఇంకో మాట. రాముడు, మళ్ళీ రాముడు, మళ్ళీ రాముడు. సంపూర్ణ రామాయణం, సీతాకల్యాణం, చివరికి 2011లో శ్రీరామరాజ్యం. ముత్యాల ముగ్గు కూడా లంగాఓణీ కట్టిన ఉత్తర రామాయణమే. ఆడవాళ్ళ విషయానికి వస్తే, బాపు బొమ్మ అని మనం మురిసిపోయే ఆ పెద్ద కళ్ళ, సన్నని నడుము పిల్ల ఏ ఇంట్లో ఉంది? మా ఇంట్లో అయితే లేదు, మా వీధిలో కూడా లేదు. రాయగడలో సంతకు నెత్తిమీద గంపతో కొండ దిగివచ్చే ఆడమనిషిని ఆ గీతతో వేయగలమా అన్నది నా సందేహం.

అయినా కార్యక్రమం చేయండి. చేస్తే మన ఊరి పాండవులు, హమ్ పాంచ్ రెండూ పక్కపక్కన పెట్టండి. మన పిల్లలకు తెలుగూ తెలుసు, హిందీ తెలుసు. ఒకే దర్శకుడు ఒకే కథను రెండుసార్లు తీస్తే చేతిలో ఏమి మిగిలింది, ఏమి జారిపోయింది అన్నది వాళ్ళే పట్టుకుంటారు. మొదటిదానికి కెమెరా బాలు మహేంద్ర గారిది, కృష్ణంరాజు గారితోపాటు అప్పుడప్పుడే వస్తున్న చిరంజీవి గారు ఉన్నారు. రెండోదానిలో సంజీవ్ కుమార్, షబానా ఆజ్మీ, నసీరుద్దీన్ షా, అమ్రీష్ పురి ఉన్నారు. పోలిక బాగా రక్తికడుతుంది.

---

గుణుపురం సైకిల్ (ఆదివారం, రాత్రి 10:02)

చిన్న చేర్పు మాత్రమే. వో సాత్ దిన్‌తో హిందీలో నాయకుడిగా నిలదొక్కుకున్న అనిల్ కపూర్, దానికి మూడేళ్ళ ముందే 1980లో బాపు గారి తెలుగు సినిమా వంశవృక్షంలో నటించారు. అది భైరప్ప గారి కన్నడ నవల ఆధారంగా తీసినది. పిల్లలకు ఈ సంగతి చెబితే మిగతా రెండు గంటలు కిమ్మనకుండా కూర్చుంటారు.

---

జయపురం ఆడపడుచు (సోమవారం, ఉదయం 11:20)

రాయగడ అన్నయ్య గారి ముల్లును తీయడానికి కాదు, నా అనుభవం చెప్పడానికి రాస్తున్నాను.

నేను జయపురంలో ఒడియా మాధ్యమంలో చదివాను. మా తెలుగు కోరాపుట్ కొండల్లో పెరిగిన తెలుగు. 1995 ఆగస్టులో ఈటీవీ వచ్చింది. కొంతకాలానికి మా వీధికి కేబుల్ వచ్చింది. దానితోపాటు బాపు రమణల భాగవతం మా నాయనమ్మ గదిలోకి వచ్చింది. నాయనమ్మకు చూపు సరిగా ఆనదు. సీరియల్ మొదలయ్యేటప్పుడు తెరమీద కనబడే పేర్లు ఎవరివో చెప్పమని నన్ను పక్కన కూర్చోబెట్టుకొనేది. నాకు తెలుగు అక్షరాలు రావు. నాయనమ్మకు తెలియనివ్వకూడదని ఊహించి చెప్పేసేదాన్ని. ఒకరోజు ఆమె నవ్వి, "నిన్న కూడా ఈ పేరే చెప్పావు కదే" అన్నది. ఆ వారంలోనే పెద్ద బాలశిక్ష తెప్పించింది.

ఒక విషయం ఇక్కడ మాస్టారితో కొంచెం విభేదిస్తాను. బాపు గారి అక్షరాలతో తెలుగు నేర్చుకోవడం ఎంత కష్టమో పుట్టుకతో తెలుగు చదివినవాళ్ళకు తెలియదు. బాలశిక్షలో అక్షరం బుద్ధిమంతుడిలా చేతులు కట్టుకొని నిలబడుతుంది. బాపు గారి చేతిలో అదే అక్షరం పక్కకు వాలుతుంది, తలకట్టు గాలికి ఎగిరిపోతున్నట్టు ఉంటుంది, దీర్ఘం తోక ఊపుతుంది. ఒడియా అక్షరాలకు నెత్తిన గుండ్రని గొడుగు ఉంటుంది, కాబట్టి నా కన్ను ప్రతి అక్షరానికీ పైనే గుర్తు వెతికేది. ఆయన అక్షరంలో పైభాగమే అన్నిటికంటే చంచలం. నేను ముందు అచ్చు అక్షరం నేర్చుకొని, తరువాత పాత వారపత్రికల్లో శీర్షికలు పట్టుకొని ఒక్కొక్కటే పోల్చుకున్నాను. ఇప్పుడు కంప్యూటరులో ఆయన పేరుతో ఖతి, అంటే ఫాంటు, కూడా ఉన్నది, శుభలేఖలన్నీ దానితోనే వస్తున్నాయి. అయినా చేత్తో రాసినదానిలో ఒకే అక్షరం రెండుసార్లు వస్తే రెండూ ఒకేలా ఉండవు, ఖతిలో ఉంటాయి.

ఇక ఆడవాళ్ళ సంగతి. అన్నయ్యా, ఆ పెద్ద కళ్ళ పిల్ల మా ఇంట్లోనూ లేదు. కానీ ఆ కళ్ళు ఊరికే అందంకోసం పెట్టినవి కావు, చూస్తున్న కళ్ళు అవి. 1993లో వచ్చిన మిస్టర్ పెళ్ళాం చూడండి. ఉద్యోగంలో చిక్కుల్లో పడిన భర్త ఇంట్లో ఉండి, భార్య పనికి వెళ్ళి పైకి వస్తుంటే, అతడి అభిమానం ఎక్కడెక్కడ గాయపడుతుందో ఆమని గారి పాత్ర మౌనంగా గమనిస్తూ ఉంటుంది. దానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. అది తీసేనాటికి ఆయనకు అరవై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. ముత్యాల ముగ్గులో నిందపడిన భార్యకు న్యాయం కోసం పిల్లలు పుట్టి పెరగవలసి వచ్చింది. మిస్టర్ పెళ్ళాంలో ఆమె తన కాళ్ళమీద తాను నిలబడింది. పద్దెనిమిదేళ్ళలో ఆయన అంత దూరం నడిచారని నేను అనుకుంటాను. సంతకు దిగివచ్చే కొండమనిషిని ఆయన వేయలేదన్నది మాత్రం నిజమే. నేను ఒప్పుకుంటాను.

---

పెళ్ళి కెమెరా, ఛత్రపురం (సోమవారం, సాయంత్రం 4:15)

భాగవతం మాట ఎత్తినందుకు చెల్లెమ్మకు ధన్యవాదాలు. మనం దానిని తక్కువ చేస్తున్నాము. సినిమా తీసిన పెద్దలు చాలామంది టీవీకి వచ్చేసరికి ఎడమచేత్తో పనిచేశారు. బాపు గారు మాత్రం తెర చిన్నదని గ్రహించి పద్ధతి మార్చారని నా అభిప్రాయం. సంపూర్ణ రామాయణంలో ఎస్.వి. రంగారావు గారు రావణుడిగా నడిచి వస్తుంటే సభ అంతా కనబడాలి, అప్పుడే ఆ నడకకు బరువు. ఇరవై అంగుళాల టీవీలో సభను చూపిస్తే చీమలబారు కనబడుతుంది. అందుకని భాగవతంలో మనుషులను తగ్గించి మొహాలను దగ్గరకు తెచ్చారు. వెనక స్తంభమో, ఒక్క కొమ్మో ఉంటుంది. అది వారపత్రికలో కథకు వేసిన బొమ్మ పద్ధతి. కథకు బొమ్మ వేసేవాడికి పుటలో దొరికేది మూడు అంగుళాల చోటు; అందులో కథంతా పట్టించాలి. ఆ అలవాటు టీవీలో పనికివచ్చింది.

---

గుణుపురం సైకిల్ (సోమవారం, సాయంత్రం 6:48)

టీవీతో ఆయన పని భాగవతంతో మొదలు కాలేదు. ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు చిన్న తరగతుల పిల్లలకోసం బాపు రమణలచేత వీడియో పాఠాలు తీయించారు. బొమ్మ, మాట, పాట కలిపి పాఠం చెప్పించే ప్రయత్నం అది. మాది ఎల్లకు ఇవతల కాబట్టి మా బడికి అవి రాలేదు. పాతపట్నంలో మా మేనత్త కొడుకు చదివే బడికి ఒక టీవీ పెట్టె వచ్చిందని విని నేను సైకిలు తొక్కుకొని వెళ్ళాను. ఆ రోజు కరెంటు లేదు. టీవీ మీద కప్పిన పూల గుడ్డ చూసి తిరిగి వచ్చాను.

---

పర్లాకిమిడి పెద్దాయన (మంగళవారం, ఉదయం 5:55)

రాయగడ బాబు రాముడి గురించి అన్నమాటకు సమాధానం ఉన్నది. బాపు గారి మొదటి సినిమాలో రాముడు లేడు. గోదావరి ఒడ్డున పులిదిండి అనే పల్లెలో, సెట్టింగులు లేకుండా, నిజమైన ఇళ్ళ మధ్య తీశారు. ఒక అమాయకుడు హంతకుడికి వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతాడు. ఆ హంతకుడు తిరిగి వస్తున్నాడని తెలియగానే ఊరంతా తలుపులు బిగించుకుంటుంది. కృష్ణ గారు, విజయనిర్మల గారు జంటగా వేసిన తొలి సినిమా కూడా అదే. తెలుగు సినిమా స్టూడియో నాలుగు గోడల మధ్య ఊరును కట్టుకుంటున్న రోజుల్లో, కొత్తగా వచ్చిన ఒక బొమ్మలాయన ఊరికే వెళ్ళి ఊరిని తీశాడు.

1973లో అందాల రాముడు తీసినప్పుడు కూడా రాముడు పేరులోనే ఉన్నాడు. గోదావరిమీద భద్రాచలానికి ప్రయాణం. ఆ పడవలో డబ్బున్నవాడు, లేనివాడు, కోపిష్ఠి, కొంటెవాడు అందరూ కలిసి ఉంటారు. పడవ మన వీధి లాంటిది, దిగిపోవడానికి వీలులేదు. నన్ను అడిగితే మీ మండపంలో ఒక్క సినిమాయే చూపించాలంటే అదే చూపించమంటాను.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. మీరందరూ బాపు, బాపు అంటున్నారు. ఆ పేరును విడిగా పలకడం నాకు చేతకాదు. ముళ్ళపూడి వారు మాట రాస్తే ఈయన గీత గీశారు. మూగమనసులు వంటి సినిమాలకు పనిచేసి అప్పటికే పేరు సంపాదించిన రచయిత, స్నేహితుడి మొదటి సినిమాతో దారి మార్చుకొని చివరిదాకా ఆయనతోనే నడిచారు. 2011 ఫిబ్రవరి 24న రమణ గారు వెళ్ళిపోయారు. ఆయన రాసిపెట్టిన శ్రీరామరాజ్యం ఆ ఏడు నవంబరులో విడుదలైంది. డెబ్బై ఎనిమిదో ఏట, పక్కన స్నేహితుడు లేకుండా బాపు గారు ఆ సినిమాను పూర్తిచేశారు. అక్కినేని నాగేశ్వరరావు గారు వాల్మీకిగా కూర్చుని రామకథ రాస్తున్న దృశ్యాలు వచ్చినప్పుడు నేను ఇచ్ఛాపురం హాల్లో కళ్ళజోడు తీసేశాను. పక్కన ఉన్న మనవడు తెర సరిగా కనబడటం లేదా తాతా అని అడిగాడు.

---

రాయగడ రైలుబండి (మంగళవారం, రాత్రి 9:10)

పెద్దాయన గారూ, సాక్షి విషయంలో మీరు చెప్పినదానికి నేను తలవంచుతున్నాను. రాముడి విషయంలో మాత్రం వంచను. హమ్ పాంచ్ డిస్కు నా దగ్గర ఉన్నది, తెస్తాను.

---

బరంపురం డ్రాయింగు మాస్టారు (బుధవారం, రాత్రి 8:45)

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలన్నీ మా నలుగురికీ చదివి వినిపించాను. ఈ విధంగా అనుకున్నాము.

మొదటి సాయంత్రం తెర ఉండదు. కుంచెలు, నల్ల ఇంకు, పాత పంచాంగాల వెనక కాగితాలు ఉంటాయి. నల్లబల్లమీద ఆయన గీత ఎలా సాగుతుందో నేను చూపిస్తాను: భుజం దగ్గర లావుగా మొదలై, నడుము దగ్గర వెంట్రుకంత సన్నబడి, పాదం చేరకముందే ఆగిపోతుంది, ఆగిన గీతను చూసేవాడి కన్ను పూర్తిచేసుకుంటుంది. జయపురం అమ్మాయి రాగలిగితే ఒడియా అక్షరం పక్కన బాలశిక్ష అక్షరం, దాని పక్కన బాపు అక్షరం రాసి చూపించాలని మా కోరిక. దారి ఖర్చులు మావే, మా ఇంట్లోనే దిగవచ్చు. రెండో సాయంత్రం అందాల రాముడు. ముత్యాల ముగ్గులో మొదటి అరగంటను ధ్వని లేకుండా చూపించాలన్న ఛత్రపురం తమ్ముడి పిచ్చిని కూడా అదే రోజు తీర్చుకుంటాము. మూడో సాయంత్రం రాయగడవారి పోలిక. రెండు సినిమాలూ పూర్తిగా వేయలేము కాబట్టి ఏయే దృశ్యాలో వారే ఏరి పెట్టాలి. పెద్దాయన గారు ఏ సాయంత్రమైనా వచ్చి, చిన్న రైలు, వేపచెట్టు సంగతి పిల్లలకు చెప్పాలి, కారు పంపిస్తాము.

కిందటేడు ఒక షామియానా దుకాణంవారు అద్దెకిచ్చిన ప్రొజెక్టరులో మనుషులందరూ నీలంగా కనబడ్డారు. బాపు గారి రాముడికి అది సరిపోతుంది కానీ మిగతావారికి బాగుండదు.

---

పెళ్ళి కెమెరా, ఛత్రపురం (బుధవారం, రాత్రి 9:20)

ప్రొజెక్టరు నాది తెస్తాను, అద్దె అక్కరలేదు. తెర సంగతి ఏమిటి మాస్టారూ? కిందటేడు రెండు గుడ్డలు నిలువుగా కుట్టడంవల్ల ఆ కుట్టు సరిగ్గా నాయకుడి ముక్కుమీదికి వచ్చింది.

---

బరంపురం డ్రాయింగు మాస్టారు (బుధవారం, రాత్రి 9:41)

మా వెనక వీధిలో పట్టుచీరలు నేసే ఆయనను అడిగాను. అంత వెడల్పు గుడ్డ ఏ మగ్గంమీదా రాదట, కుట్టక తప్పదట. ఈసారి అడ్డంగా కుట్టిస్తున్నాము. కుట్టు గోదావరి నీళ్ళలోకి వచ్చేటట్టు కొలత వేసుకొని, ఎంత ఎత్తులో కట్టాలో నువ్వే చెప్పు.